పిడికెడు పట్టుగూళ్ళు

మా చిన్నమ్మ పట్టుపురుగుల ఇంట్లోకి వెళ్ళాలంటే ముందు గుమ్మం దగ్గర బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ళలో కాళ్ళు ముంచాలి. తలకు నూనె రాసుకుంటే లోపలికి రానివ్వదు. సెంటు పూసుకుని వచ్చిన కొత్త పెళ్ళికూతుర్ని కూడా ఒకసారి గుమ్మం అవతలే నిలబెట్టి మాట్లాడి పంపిందట. ఆ ఇల్లు నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. మాట్లాడకపోతే ఎందుకు మాట్లాడవని ఎవరూ అడగరు. పురుగులు ఆకు తింటుంటే పక్క గదిలో ఎవరో పాత కాగితాలు సర్దుతున్నట్టు ఉంటుంది.

ఆ ఇంట్లో ఇంకొక నియమం కూడా ఉంది. పురుగులను గానీ, అవి అల్లిన గూళ్ళను గానీ లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే దృష్టి తగులుతుందని చిన్నమ్మ నమ్మకం. తట్టలు ఎన్నో చెబుతుంది, తూకం ఎంతో చెబుతుంది. గూళ్ళు ఎన్నని అడిగితే మాత్రం, "దేవుడు ఇచ్చినన్ని" అంటుంది.

నేను అప్పుడు తమక అనే ఊళ్ళో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. చిన్న శాంపిల్‌తో సగటును పరీక్షించడం అనే పాఠం అయిపోయాక మా మేడమ్ ఒక పని ఇచ్చారు.

"మీ ఊళ్ళో ఏదో ఒక వస్తువు సగటు గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ఆ మాట నిలుస్తుందో లేదో, పది పన్నెండు శాంపిళ్ళు తీసుకుని పరీక్షించి రండి. సొంతంగా కొలవాలి. పుస్తకంలో లెక్క ఎత్తి రాస్తే నాకు తెలుస్తుంది."

క్లాసులో అందరూ వెంటనే ఏదో ఒకటి చెప్పేశారు. ఒకమ్మాయి బేకరీ బన్ను బరువు అంది. ఒకబ్బాయి తన బైకు మైలేజీ అన్నాడు. నా వంతు వచ్చేసరికి, ఆలోచించి చెబుతాను మేడమ్ అన్నాను. క్లాసులో నేను ఎక్కువగా చెప్పే మాట అదే.

శుక్రవారం సాయంత్రం కేజీఎఫ్‌కు, మా ఇంటికి వెళ్ళకుండా బంగారుపేటలో బస్సు మారి బూదికోట వైపు వెళ్ళాను. చిన్నమ్మవాళ్ళది అక్కడికి దగ్గరలో ఒక చిన్న ఊరు. పురుగులు చంద్రికల మీదికి ఎక్కి, గూళ్ళు అల్లడం పూర్తి చేశాయి. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకోవడానికి వెదురు తడికకు సుడులు సుడులుగా బద్దలు బిగించిన పెద్ద చట్రం. ఆదివారం గూళ్ళు విప్పి, సోమవారం తెల్లారి మార్కెట్‌కు పంపాలి.

నేను వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటున్నారు. పురుగుల ఇంటి బయటే, గొంతులు తగ్గించి.

"ఈ పంట గూళ్ళు చూసినావా? చింతగింజలంత ఉండాయి," అంటున్నాడు చిన్నాయన.

"నీ కండ్లు చింతగింజలంత ఉండాయి. గూళ్ళు ఎప్పట్లాగే ఉండాయి."

"ఆకులో సత్తువ పోయినాదే. నేను కాపురానికి వచ్చినప్పటి తోట..."

"కాపురానికి వచ్చింది నేను. నువ్వు యాడికి వచ్చినావు?"

చిన్నాయన నన్ను చూసి నవ్వు ఆపుకున్నాడు. "చూడు పాపా, మీ చిన్నమ్మతో మాట్లాడితే ఇంతే. సోమవారం పక్క చేన్లోకి జేసీబీ వస్తా ఉండాది. అట్లే మన మల్బరీ తోట గూడా పెరికించేస్తే టమోటా పెట్టుకోవచ్చు అంటా ఉండాను. తప్పా?"

"పోయిన తూరి టమోటా పెట్టి రోడ్డు మీద పారబోసింది ఎవరప్పా?"

"ఊరంతా పారబోసినారు. నేనొక్కడినేనా?"

నవ్వుతూ అనుకున్నా, అది నవ్వులాటకు అనుకున్న మాట కాదని నాకు తెలుసు. ఆ తోట పోతే చిన్నమ్మకు పురుగుల ఇల్లు ఉండదు. ఇంట్లో ఆమె మాట నెగ్గే చోటు అదొక్కటే. గుడ్లు ఎప్పుడు తేవాలో, ఆకు ఎప్పుడు కోయాలో, ఎవర్ని లోపలికి రానివ్వాలో ఆమె చెబుతుంది, చిన్నాయన చేస్తాడు. టమోటా పొలంలో ఆయన చెబుతాడు, ఆమె వంగి కోస్తుంది. ఒకసారి పెరికిన మల్బరీ తోట మళ్ళీ ఆకు ఇచ్చే స్థితికి రావాలంటే చాలా కాలం పడుతుంది. ఈలోపు ఎవరికి ఓపిక ఉంటుంది?

"గుడ్లు ఇచ్చినోళ్ళు ఏం చెప్పినారు? ఈ జాతి గూడు సగటున పద్దెనిమిది వందల మిల్లీగ్రాములు తూగాల అని గదా?" అన్నాడు చిన్నాయన. "మనది తూగుతాదా? నువ్వే చెప్పు."

"తూగుతాది."

"తూగదు."

అప్పుడు నేను అన్నాను. అనే ముందు మనసులో ఆ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చెప్పుకుని ఉంటాను. "తూచి చూడొచ్చు గదా చిన్నాయనా?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. మేడమ్ ఇచ్చిన పని గురించి చెప్పాను. అన్ని గూళ్ళూ అవసరం లేదని, పది చాలని, దానికొక పద్ధతి ఉందని చెప్పాను. చిన్నాయనకు ఆ మాట బాగా నచ్చింది.

"సరే. పాప లెక్క ఏం చెప్తే అదే చేద్దాము. తగ్గినాదని తేలితే జేసీబీ. లేదంటే తోట. ఏమంటావు?"

"లెక్క అంటే గూళ్ళు లెక్కపెట్టాల్నా?" అంది చిన్నమ్మ అనుమానంగా.

"ఏవైనా పదే చిన్నమ్మా."

"పదంటే లెక్క కాదులే. పిడికెడు." ఆమె తనకు తానే సర్దిచెప్పుకుని లోపలికి వెళ్ళింది.

నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. చిన్నమ్మ ఒక చంద్రిక ముందు నిలబడి, ఒక్కో గూడు విప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, వెలుతురులోకి ఎత్తి చూసి, కొన్ని నా టిఫిన్ డబ్బాలో వేసింది. కొన్నింటిని పక్క తట్టలోకి విసిరింది. ఎంత శ్రద్ధగా చేస్తోందో అనుకున్నాను. అప్పుడు అంతే అనుకున్నాను.

మరుసటి రోజు ఇంటికి వెళ్ళాను. మాది కేజీఎఫ్‌లో, మూతపడ్డ బంగారు గనుల కార్మికులకు కట్టిన పాత లైన్లలో ఒక ఇల్లు. మిల్లీగ్రాములు తూచే తక్కెడ కూరగాయల అంగట్లో ఉండదు కాబట్టి, అమ్మకు తెలిసిన నగల అంగడికి డబ్బా పట్టుకుని వెళ్ళాను. అంగడాయన ముసలాయన. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి డబ్బాలోకి తొంగి చూశాడు.

"ఏమ్మా ఇది? బంగారం అయిపోయిందని పురుగులు తెచ్చినావా?"

నేను నేల చూస్తూ, ఇది కాలేజీ పని అని చెప్పాను.

"సరేలే, కూర్చో. తరుగు పట్టుకోనులే, భయపడొద్దు." ఒక్కో గూడును చిన్న పట్టకారుతో ఎత్తి, ముక్కుపుడక పెట్టినంత జాగ్రత్తగా తక్కెడ మీద పెట్టి అంకెలు చదివాడు. గూడు బరువుగా ఉన్నప్పుడల్లా, "ఆహా, మంచి సరుకు" అన్నాడు. పదిసార్లూ అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఈ పరీక్ష గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. పది గూళ్ళ సగటు పద్దెనిమిది వందలకు కాస్త అటో ఇటో రావడం మామూలే. ఇంకో పది తీస్తే ఇంకోలా వస్తుంది. అందుకని వచ్చిన సగటు ఎంత దూరంలో ఉందో మాత్రమే చూస్తే చాలదు. ఆ గూళ్ళు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో కూడా చూడాలి. దాన్నిబట్టి పది గూళ్ళ సగటు మామూలుగా ఎంత ఊగుతుందో కట్టి, ఆ దూరాన్ని ఈ ఊగుడుతో భాగిస్తారు. వచ్చిన అంకె పట్టికలో ఉన్న హద్దు దాటితే, ఈ తేడా ఊరికే వచ్చింది కాదని అనుకోవచ్చు. పది గూళ్ళకు ఆ హద్దు ఒకటి పాయింట్ ఎనభై మూడు. ఎక్కువ గూళ్ళు చూస్తే హద్దు కాస్త దగ్గరికి వస్తుంది. తక్కువ చూసినవాళ్ళు గట్టిగా మాట్లాడాలంటే ఎక్కువ దూరం చూపించాలి. ఈ న్యాయం నాకు నచ్చుతుంది.

నాకు వచ్చిన సగటు రెండు వేల ముప్పై. భాగిస్తే పద్నాలుగు దాటింది. హద్దు రెండు కూడా లేదు. తగ్గడం మాట దేవుడెరుగు, గూళ్ళు ఉండాల్సిన దానికన్నా ఎంతో బరువుగా ఉన్నాయి.

మొదట సంతోషం వేసింది. చిన్నమ్మ తోట దక్కింది. ఫోన్ చేసి చెప్పాలని చేతిలోకి తీసుకున్నాను. ఫోన్లో మాట్లాడటం నాకు ఎప్పుడూ కష్టమే కాబట్టి ముందు ఏం చెప్పాలో డైరీలో రాసుకోబోయాను. రాస్తుంటే అంకెలు మళ్ళీ కంటపడ్డాయి. అన్నిటికన్నా చిన్న గూడు పంతొమ్మిది వందల యాభై, అన్నిటికన్నా పెద్దది రెండు వేల నూరు. పదీ ఆ కాస్త సందులోనే ఉన్నాయి. పురుగులన్నీ ఒకలా తినవు. చంద్రికలో ఒకటి గట్టి మూల చూసుకుంటుంది, ఒకటి చివర్లో ఇరుకున సర్దుకుంటుంది. వాటి గూళ్ళు పదీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండవు.

సగటు నాకు ఏమీ చెప్పలేదు. తేడా లేకపోవడమే చెప్పింది.

అమ్మ వంటింట్లో రసం పోపు పెడుతోంది. చెప్పాను.

"ఇంగేముండాది, ఏరి ఇచ్చుంటాది," అంది, వెనక్కి తిరగకుండానే.

"ఏవైనా పది అని అడిగినాను అమ్మా."

"అడిగితే? ఇంటికొచ్చిన బిడ్డ చెయ్యి చాపితే పుచ్చుదీ సొట్టదీ పెట్టి పంపిస్తారా ఎవరైనా? మా ఊర్లో మామిడికాయ అడిగినా, గుమ్మడికాయ అడిగినా, మంచిది చూసే ఇస్తారు. కండ్లు మూసుకొని ఇస్తే కొట్టినంత అవమానం. ఆమె నీకు గౌరవం చేసింది."

అది నిజం. చిన్నమ్మ మోసం చేయలేదు. అలా చేయాలని ఆమెకు తట్టి కూడా ఉండదు. ఇచ్చేటప్పుడు ఆమె చెయ్యి తనంతట తానే మంచిదాని వైపు వెళుతుంది. పుస్తకంలో 'యాదృచ్ఛికంగా పది ఎంచుకోండి' అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఆ ముక్క మా వైపు మర్యాదకు ఎంత ఎదురో రాసినవాళ్ళకు తెలిసి ఉండదు.

నేను అలాగే ఊరుకోవచ్చు. చిన్నాయన అంకెలు అడగడు, ఫలితం అడుగుతాడు. తోట నిలబడుతుంది. చిన్నమ్మ అంటే నాకు ఇష్టం. కానీ ఈ లెక్కతో తోట నిలబెడితే, వచ్చే పంటలో గూడు చిన్నగా కనబడిన రోజున చిన్నాయన మళ్ళీ ఇదే మాట ఎత్తుతాడు. అప్పుడు నా లెక్కకు గానీ, ఆమె మాటకు గానీ విలువ ఉండదు. నిజం చెప్పాలంటే అప్పుడు ఇంత స్పష్టంగా ఆలోచించలేదు. ఆ పద్నాలుగును మేడమ్ ముందు పెట్టలేనని మాత్రం తెలుసు. మేడమ్ ముందు పెట్టలేనిది చిన్నాయన ముందు ఎలా పెట్టను?

నగల అంగడాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. వేరే గూళ్ళు చిన్నమ్మ ఇంట్లోనే తూచాలని చెప్పగానే, ఇంకేమీ అడక్కుండా సొరుగులోంచి అరచేయంత తక్కెడ ఒకటి తీసి ఇచ్చాడు. "పాతది. తీసుకొనిపో. పని అయినాక తెచ్చియ్యి. పురుగులకు నా మొహం ఎందుకు, వాటి ఇంట్లోనే తూచుకో."

ఆదివారం నేను వెళ్ళేసరికి గూళ్ళు విప్పడం దాదాపు అయిపోయింది. వాకిట్లో పట్టలు పరిచి, చంద్రికలు ఆనించి, చిన్నమ్మ, చిన్నాయన, పక్కింటి అవ్వ కూర్చుని ఉన్నారు. విప్పిన గూళ్ళు పెద్ద పట్ట మీద తెల్లగా కుప్ప పోసి ఉన్నాయి. మరకపడ్డవి, రెండు పురుగులు కలిసి అల్లినవి పక్కన వేరే తట్టలో వేస్తున్నారు.

"వచ్చినాది జడ్జమ్మ," అంది అవ్వ. "చెప్పు తల్లీ, తోట ఉంటాదా పోతాదా? వీళ్ళు పొద్దున్నుంచీ నా చెవులు తింటా ఉండారు."

"ఎంత వచ్చినాది?" అన్నాడు చిన్నాయన.

"రెండు వేలు దాటినాది," అన్నాను. చిన్నమ్మ మొహం విప్పారింది. ఆమె ఏదో అనేలోపే తర్వాతి మాట కూడా చెప్పేశాను. లేకపోతే ఇక చెప్పగలిగేదాన్ని కాదు. "కానీ ఆ లెక్క చెల్లదు చిన్నమ్మా. అవి నువ్వు ఏరి ఇచ్చినవి."

చిన్నమ్మ చేతిలో గూడును పట్ట మీద పెట్టింది.

"ఏరక? నీకు పాడువి ఇయ్యాల్నా?"

"పాడువి వద్దు. ఏవి వస్తే అవి."

"అంటే మా ఇంట్లో చెడ్డవి ఎత్తుకొనిపోయి, నగల అంగట్లో పెట్టి, మీ మేడమ్‌కు చూపిస్తావా? మా చిన్నమ్మ ఇంట్లో ఇట్లా కాస్తాయని?"

ఆమె గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువ. ఏం చెప్పాలో నాకు ఈసారి మనసులో సర్దుకునే సమయం లేదు.

"నీ గూళ్ళు మంచివని నాకు తెలుసు చిన్నమ్మా. కానీ మంచివి చూసి మంచివని చెప్తే చిన్నాయన నమ్మడు. నేనూ నమ్మను."

చిన్నాయన పకపకా నవ్వాడు. "నేను అప్పుడే అనుకొన్నాను. మీ చిన్నమ్మ అన్నం పెట్టినా పైన నెయ్యి కనపడేట్టు పెడతాది."

"నువ్వేం తక్కువ?" అంది అవ్వ వెంటనే. "పొద్దున్నుంచీ చూస్తా ఉండాను. చిన్నది ఒకటి దొరికితే చాలు, ఎత్తి చూపిస్తా ఉండావు. పెద్దవి దొరికితే మాట్లాడకుండా తట్టలో వేస్తావు."

చిన్నాయన ఒళ్ళో ఆ క్షణంలో కూడా మూడు చిన్న గూళ్ళు ఉన్నాయి, చూపించడానికి దాచుకున్నవి. ఆయన వాటిని కుప్పలోకి వదిలేశాడు. అప్పుడు చిన్నమ్మ మొదటిసారి కాస్త నవ్వింది.

మళ్ళీ పది తీయాలని నిర్ణయం అయింది. ఏ కుప్పలోంచి అన్నదాని మీద ఇంకో వాదన లేచింది. మరక గూళ్ళు కూడా కలపాలని చిన్నాయన పట్టు. అవి మార్కెట్‌కే పోవని చిన్నమ్మ. దేని గురించి మాట్లాడుతున్నామో ముందే తేల్చుకోవాలని మేడమ్ ఎప్పుడూ అనేది ఇదే కాబోలు. చివరికి మార్కెట్‌కు పోయే కుప్ప గురించే మాట అని ఒప్పుకున్నారు.

"కిలో తూచి, ఎన్నుండాయో చూస్తే పోదా? ఈ తిప్పలెందుకు?" అంది అవ్వ.

"నా ఇంట్లో గూళ్ళు లెక్కపెట్టేది లేదు," అంది చిన్నమ్మ. ఆ విషయంలో మాత్రం ఆమె ఎవరి మాటా వినదు.

కుప్పను బాగా కలిపి, పరుపులా పరిచాం. ఎవరు తీయాలి? చిన్నమ్మ చెయ్యిని చిన్నాయన నమ్మడు, చిన్నాయన చెయ్యిని చిన్నమ్మ నమ్మదు. నేనే తీస్తానన్నాను. కళ్ళు తెరిచి తీస్తే నా చెయ్యి కూడా ఎటో వెళుతుందని నాకే అనుమానం వచ్చింది. చిన్నమ్మ తన భుజం మీది తువ్వాలు తీసి నా కళ్ళకు కట్టింది. కొంచెం గట్టిగానే కట్టింది.

"పెండ్లిలో బిందెలో ఉంగరం వెతికినట్టే ఉండాది," అంది అవ్వ. "పెండ్లికొడుకే లేడు."

పట్ట చుట్టూ తిరుగుతూ, అవ్వ ఆగమన్న చోటల్లా వంగి, చేతికి మొదట తగిలినదాన్ని తీశాను. వేళ్ళకు గూళ్ళన్నీ ఒకలాగే, ఎండిన ఆకులంత తేలిగ్గా తగిలాయి. పుస్తకంలో అన్నది బహుశా ఇదే. చేతికి ఏమీ తెలియకపోవడం.

తక్కెడ మీద పెట్టి అంకెలు చదువుతుంటే ఎవరూ జోకులు వేయలేదు. పంతొమ్మిది వందల ఇరవై. చిన్నమ్మ తల ఊపింది. పదిహేను వందల ఎనభై. చిన్నాయన తల ఊపాడు. పద్నాలుగు వందల తొంభై వచ్చినప్పుడు చిన్నమ్మ ఆ గూడును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది తన ఇంటిదేనా అన్నట్టు.

గోడకు ఆనుకుని లెక్క వేశాను. సగటు పదిహేడు వందల యాభై ఐదు.

"చూసినావా! తక్కువే!" అన్నాడు చిన్నాయన.

"ఆగు చిన్నాయనా." ఊగుడు ఎంతో కట్టి భాగించాను. ఒకటి కూడా పూర్తిగా రాలేదు. హద్దు ఒకటి పాయింట్ ఎనభై మూడు. "తగ్గినాదని చెప్పేదానికి ఇది చాలదు. పద్దెనిమిది వందలే అయినా, పది తీస్తే ఇట్లా రావచ్చు."

"అంటే తగ్గలేదా?"

"అట్లా గూడా చెప్పలేను."

"ఇంత చదివి ఇదా చెప్పేది?" అంది అవ్వ నిజంగానే బాధపడుతూ.

"నేను గెలిచినట్టేనా?" అంది చిన్నమ్మ.

"గెలవలేదు చిన్నమ్మా. ఓడలేదు."

చిన్నాయన మొండివాడే గానీ మాట అర్థం చేసుకోకుండా వాదించేవాడు కాదు. "ఒకటి చెప్పు పాపా. ఏమీ తేలకపోతే తోట ఉంటాది అంటా ఉండావు. అంటే మీ చిన్నమ్మ ఏమీ చూపించకుండా కాళ్ళు చాపుకొని కూర్చోవచ్చు, రుజువంతా నేనే మోసుకొని రావాల. ఇదేం న్యాయం? ఈ రూలు మీ మేడమ్ పెట్టిందా, మీ చిన్నమ్మ పెట్టిందా?"

క్లాసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఏ మాటను ముందు నిలబెట్టాలి, ఏ మాట రుజువు మోయాలి అన్నది మేడమ్ చెప్పినప్పుడు బోర్డు మీద గుర్తులుగా రాసుకున్నాం, అంతే. ఇప్పుడు ఆ గుర్తుల వెనుక ఒక తోట ఉంది.

"తోట ఇప్పటికే ఉండాది చిన్నాయనా," అన్నాను. "ఉంచితే, తప్పని తేలినా వచ్చే పంటకు పెరకొచ్చు. పెరికేస్తే, తప్పని తేలినా మళ్ళీ నాటలేము. వెనక్కి తీసుకోలేని పని చెయ్యాలనేవాళ్ళే రుజువు తేవాల."

ఇంత పెద్ద మాట ఆ ఇంట్లో నేను అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. అవ్వ గూడు విప్పడం ఆపి నా వైపు చూసింది. చిన్నాయన లేచి చంద్రికలు సర్దడానికి వెళ్ళాడు. కుప్పలోంచి గూళ్ళు తట్టల్లోకి ఎత్తేటప్పుడు, చిన్నమ్మ చిన్నవి కనబడితే ఆగి చూడటం గమనించాను. ముందు ఆమె కళ్ళు వాటి మీదుగా జారిపోయేవి.

ఆ రాత్రి అక్కడే ఉన్నాను. తెల్లారి గూళ్ళ తట్టలు వ్యాన్ ఎక్కి మార్కెట్‌కు వెళ్ళిపోయాయి. కాసేపటికి జేసీబీ శబ్దం వినబడింది. పక్క చేనివాళ్ళ గట్టు పూర్తిచేసి, అది మా తోట మూలకు వచ్చి ఆగింది. డ్రైవరు కిందికి దిగకుండానే అరిచాడు.

"అన్నా, యాడ మొదలుపెట్టాల?"

చిన్నాయన తోట గట్టు మీద నిలబడి ఉన్నాడు. చిన్నమ్మ ఆయనకు పది అడుగుల దూరంలో, కొడవలి చేతిలో పట్టుకుని. పంట అయిపోయాక కొమ్మలు నరికితేనే కొత్త ఆకు వస్తుంది. నరకడానికి ఆమె తయారుగానే వచ్చింది, కానీ మొదలుపెట్టలేదు.

"ఇప్పుడు వద్దులేప్పా," అన్నాడు చిన్నాయన. "ఇంగో పంట చూసి చెప్తాను."

"చెప్పింటే నేను నేరుగా పోయుందును గదన్నా," అని డ్రైవరు విసుక్కుని, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"వచ్చే తూరి పది చాలదు," అన్నాడు చిన్నాయన నాతో. "ముప్పై తియ్యి. అప్పుడు తప్పించుకోలేరు."

"తీస్తాను చిన్నాయనా. కండ్లకు గంతలు కట్టుకొనే."

చిన్నమ్మ అప్పటికే మొదటి మొక్క దగ్గర వంగి కొమ్మలు నరకడం మొదలుపెట్టింది. చిన్నాయన రెండో కొడవలి తెచ్చుకుని పక్క వరుస పట్టాడు. "మరీ కిందికి కొయ్యొద్దు, మొద్దు చచ్చిపోతాది," అంది ఆమె చూడకుండానే. ఆయన చెయ్యి కాస్త పైకి జరిపాడు. నేను నరికిన కొమ్మలను ఆవుల కోసం కట్టలు కడుతూ వాళ్ళ వెనకాలే నడిచాను.

తోట పల్లానికి వచ్చేసరికి చిన్నమ్మ చెయ్యి నెమ్మదించింది. ఒక కొమ్మ వంచి, ఆకును వేళ్ళ మధ్య పెట్టి రుద్దింది. పక్క మొక్క ఆకు కూడా రుద్ది చూసింది. తర్వాత దాని పక్కది.

"ఈ పక్క ఆకు పలచగానే ఉండాది," అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

చిన్నాయన విన్నాడు. తన వరుస వదిలి వచ్చి, ఆమె వంచిన కొమ్మను పట్టుకుని తనూ ఆకును రుద్ది చూశాడు.